పిల్లల వేలికి సరిపోయే పల్స్ ఆక్సీమీటర్: సికిల్ సెల్ ఉన్న ఇంట్లో వాడి చూశాక

వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్ గురించి తెలుగులో వెతికితే దొరికేవన్నీ కరోనా రోజుల్లో పెద్దవాళ్ళ కోసం రాసినవే. పిల్లల సైజుది ఎట్లా ఉంటుంది, సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది అని చెప్పేవాళ్ళు నాకు కనబడలేదు. మా బాబుకు ఎనిమిదేళ్ళు. వాడికి సికిల్ సెల్ జబ్బు ఉంది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. మాది నల్లగొండ జిల్లా డిండి మండలం. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల బరువులు, ఎత్తులు రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని కాబట్టి, ఈ మిషన్ చూపించిన అంకెలు కూడా తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

కొనొచ్చా అంటే, కొనండి. కాకపోతే ఒకటి గుర్తుంచుకుని కొనండి. అంకె తగ్గితే వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి. అంకె బాగుంది కదా అని ఆస్పత్రికి వెళ్ళడం మాత్రం మానుకోకండి. జ్వరం 101 దాటితే ఈ మిషన్ 98 చూపించినా సరే, సికిల్ సెల్ పిల్లవాడు డాక్టర్ దగ్గర ఉండాల్సిందే. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో కింద రాస్తాను.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి. తనకు సికిల్ జన్యువు ఒక్కటే వచ్చింది, కాబట్టి జబ్బు లేదు. బాబుకు నా నుంచి ఒకటి, వాళ్ళ నాన్న నుంచి ఒకటి, రెండూ వచ్చాయి. వాడికి ఏడాది నిండకముందే చేతివేళ్ళు, పాదాలు వాచి రాత్రంతా ఏడ్చేవాడు. అట్లా బయటపడింది. అమ్మాయి సంగతి తర్వాత ఊళ్ళో స్క్రీనింగ్ పెట్టినప్పుడు తెలిసింది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద, 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన తెలంగాణ కూడా అందులో ఉంది. మీ ఊరికి వాళ్ళు వస్తే దయచేసి పిల్లలందరికీ చేయించండి. ఈ జబ్బు గిరిజన కుటుంబాల్లో ఎక్కువే గానీ, వాళ్ళకే వస్తుందనుకుంటే పొరపాటు.

ఒకే ఇంట్లో ఒకే జలుబు ఈ ఇద్దరికీ తగిలింది. అమ్మాయి నాలుగైదు రోజులు ముక్కు చీదుకుని బడికి పోయింది. బాబు హైదరాబాద్‌లో ఆక్సిజన్ పెట్టుకుని మంచం మీద ఉన్నాడు. తేడా ఎక్కడుందో డాక్టరమ్మ నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. సికిల్ సెల్‌లో, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో తేడా ఉంటుంది. దానిలో బీటా గొలుసు అనే భాగంలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఉంటుంది, అంతే. ఆక్సిజన్ బాగా అందినంతసేపు ఎర్రకణం గుండ్రంగానే ఉంటుంది. తగ్గగానే లోపలి హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడి, కణం కొడవలిలా వంగిపోతుంది. వంగిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి.

ఇప్పుడు ఫ్లూ వైరసో, పిల్లలకు జలుబు, దగ్గు తెచ్చే ఆర్‌ఎస్‌వీ అనే వైరసో ఊపిరితిత్తుల్లోకి దిగిందనుకోండి. అక్కడ వాపు వచ్చి రక్తానికి ఆక్సిజన్ తగ్గుతుంది. తగ్గగానే కణాలు వంగుతాయి. వంగిన కణాలు ఊపిరితిత్తుల నాళాల్లోనే అడ్డుపడతాయి. దాంతో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, ఇంకొన్ని కణాలు వంగుతాయి. మామూలు పిల్లల్లో జలుబుతో ఆగిపోయేది వీళ్ళలో కొన్ని గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు. దీన్నే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అంటారు. చిన్నపిల్లల్లో దీనికి ఎక్కువసార్లు ఇన్‌ఫెక్షనే కారణం. అమెరికాలో నాలుగు రాష్ట్రాల ఆస్పత్రి లెక్కలు తీసి 2010లో అచ్చువేసిన ఒక పరిశోధనలో, సికిల్ సెల్ పిల్లలు ఫ్లూతో ఆస్పత్రిలో చేరడం ఆ జబ్బు లేని పిల్లల కంటే 56 రెట్లు ఎక్కువని తేలింది. ఆ సంఖ్య చదివాక మా ఇంట్లో ఎవరూ జలుబును జలుబులా చూడడం లేదు.

సరే, మిషన్ సంగతికి వస్తాను.

ముందు మా తమ్ముడు మేనల్లుడి మీద ప్రేమతో ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. అమ్మేవాళ్ళు ‘పెద్దలకూ పిల్లలకూ’ అని రాశారు. వచ్చింది మాత్రం పెద్దవాళ్ళ క్లిప్పు. మా బాబు వేలు లోపల వదులుగా ఆడేది. ఒకసారి 88 చూపిస్తుంది, వేలు కాస్త జరిపితే 97 చూపిస్తుంది. ఆడుకుంటూ తిరుగుతున్న పిల్లవాడికి 88 అని కనబడితే తల్లికి ఎట్లా ఉంటుందో చెప్పనక్కర లేదు. వాపసు తీసుకోమంటే డబ్బా తెరిచారు కాబట్టి తీసుకోం అన్నారు. అది ఇప్పుడు మా మామ దగ్గర ఉంది, ఆయనకు ఆయాసం వచ్చినప్పుడు చూసుకుంటాడు. ఆయన వేలికి అది సరిగ్గానే పనిచేస్తుంది, అంటే మిషన్ చెడ్డది కాదు, సైజు తప్పు.

సైజు ఎందుకు అంత ముఖ్యమంటే, ఇది పనిచేసేది వెలుతురుతో. ఒకవైపు నుంచి ఎర్ర కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలిలోంచి పంపిస్తుంది. అవతలి వైపుకు ఎంత చేరిందో కొలుస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు కాంతులను వేరువేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచి లెక్కగట్టి శాతం చూపిస్తుంది. వేలు చిన్నదై పక్కల నుంచి కాంతి జారిపోతే, లేదా బయటి వెలుతురు లోపలికి వస్తే ఆ లెక్కే తప్పుతుంది. కాబట్టి ‘అందరికీ సరిపోతుంది’ అని రాసి ఉన్నది పిల్లల కోసం కొనకండి. పిల్లల సైజు అని విడిగా ఉండాలి. మరీ చిన్నపిల్లలకు, పసివాళ్ళకు ఈ క్లిప్పు కూడా పనికిరాదు. వాళ్ళకు పాదానికి చుట్టే పట్టీలాంటిది ఉంటుంది, అది ఎక్కువగా ఆస్పత్రుల్లో వాడతారు.

మేము చెకప్ కోసం హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠిలో సర్జికల్ షాపుల్లో అడిగి తీసుకున్నాం. నాకు నచ్చిన సంగతి, ఆ షాపాయన డబ్బా తెరిచి బ్యాటరీలు వేసి మా బాబు వేలికి పెట్టి చూపించాడు. “అక్కా, ఫస్ట్ వేలికి పట్టిందా లేదా చూడున్రి, పైసల ముచ్చట తర్వాత” అన్నాడు. 1,650 రూపాయలు తీసుకున్నాడు, డబ్బా మీద ఎమ్మార్పీ అంతకంటే చాలా ఎక్కువ ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పల్స్ ఆక్సీమీటర్, డిజిటల్ థర్మామీటర్, నెబ్యులైజర్ లాంటి ఐదు పరికరాల మీద అమ్మేవాళ్ళ మార్జిన్ 70 శాతం దాటకూడదని కొంతకాలానికి నియమం పెట్టింది. ఏదేమైనా షాపుకు షాపుకు ధరలో తేడా బాగానే ఉంటుంది. నాలుగు చోట్ల అడిగి కొనండి.

క్లిప్పు పసుపు రంగులో ఉంటుంది, లోపల మెత్తటి రబ్బరు. వేలు ఎంతవరకు పెట్టాలో తెలిసేలా చివర గోడలా అడ్డం ఉంది. స్ప్రింగు మరీ గట్టిగా లేదు. ఇది చిన్న విషయం కాదు, ఒళ్ళు నొప్పులతో ఉన్న పిల్లవాడికి వేలిని గట్టిగా నొక్కేది పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. తెరమీద పైన ఆక్సిజన్ శాతం, కింద నాడి, పక్కన ఎగిరిపడే గీత. ఆ గీత ఒకే తీరుగా ఎగరడం మొదలయ్యేదాకా పైన అంకెను పట్టించుకోకూడదు. మాది సుమారు అర నిమిషం తీసుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి కూడా తెర స్పష్టంగా కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో మాత్రం కనబడదు, అంకె కూడా సరిగ్గా రాదు. నీడలోకి రావాలి.

వేళ్ళు చల్లగా ఉంటే పనిచేయదు. డిసెంబరు, జనవరి నెలల్లో మా డిండి ప్రాజెక్టు వైపు పొద్దున గాలి ఎట్లా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకు తెలుసు. నేను వాడి చేతులు నా అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని, వేడెక్కాక పెడతాను. సికిల్ పిల్లలకు చలి తగలడమే మంచిది కాదు, కాబట్టి ఆ వేడి వాడికి రెండు విధాలా మేలే. గోళ్ళ రంగు ఉంటే తీసేయాలి. ఆషాఢంలో ఇంటిల్లిపాదీ గోరింటాకు పెట్టుకుంటాం కదా, మా అమ్మాయి తమ్ముడికి కూడా ముద్దుగా చుక్కలు పెట్టి, గోళ్ళకు తొడుగులు వేసింది. పండిన గోరింటాకు మీద కూడా ఇది తప్పు చూపిస్తుందేమోనని నా అనుమానం. అందుకని ఒక చేతి రెండు వేళ్ళు వదిలేయమని చెప్పాను, ఇప్పుడు అది మా ఇంట్లో రూల్.

డబ్బా మీద ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం అని ఉంటుంది. 95 చూపిస్తే అసలు 93 కావచ్చు, 97 కావచ్చు. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి తెలియాలి. 2020లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ నిజంగా తగ్గినా ఈ పరికరం బాగున్నట్టు చూపించడం తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు జరిగిందని తేలింది. సికిల్ రక్తంలో కూడా ఇది అసలు విలువకు కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది. ఆస్పత్రిలో అనుమానం వస్తే ధమని నుంచి రక్తం తీసి చూసేది అందుకే. ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పే యాప్‌లు ఉన్నాయని మా వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టారు. వాటి జోలికి వెళ్ళకండి.

ఇంత తేడా ఉన్నప్పుడు ఇది దేనికి పనికొస్తుంది అని అడగొచ్చు. మీ పిల్లవాడి మామూలు అంకె మీకు తెలిసి ఉంటే పనికొస్తుంది. మా బాబు హాయిగా ఆడుకునే రోజుల్లో వాడి అంకె 95, 96. అదే వాడికి మామూలు. పక్కింటి పిల్లవాడికి 99 రావచ్చు, వాడితో పోల్చుకుని లాభం లేదు. చాలామంది సికిల్ పిల్లలకు మామూలు రోజుల్లోనే కొంచెం తక్కువ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కొన్ని రోజులు ఒకే వేలికి, ఒకే తీరుగా కూర్చోబెట్టి చూసి రాసుకోండి. ఆ కాగితం డాక్టర్‌కు చూపించి, ఎంతకు తగ్గితే రావాలో రాయించుకోండి. మాకు చెప్పింది, వాడి మామూలు కంటే 3 తగ్గితే రమ్మని, 92 లోపు వస్తే 108కి ఫోన్ చేసి బయలుదేరమని. మీ పిల్లవాడికి ఎంతో మీ డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు బాబు ఆస్పత్రిలో పడ్డ ఆ జనవరి సంగతి. సంక్రాంతికి బంధువులు వచ్చి వెళ్ళాక ముందు అమ్మాయికి, తర్వాత బాబుకు జలుబు పట్టింది. మొదటి రోజు ముక్కు కారడం, అంతే. రెండో రోజు సాయంత్రం ఒళ్ళు నొప్పులు, కొంచెం జ్వరం, క్లిప్పు పెడితే 96. రాత్రి అన్నం వద్దన్నాడు. జ్వరం చూస్తే 101.6. క్లిప్పు పెడితే 95. వీపు పైభాగంలో నొప్పి అంటున్నాడు.

నోటుబుక్కులో ఆ పేజీ నేను చాలామందికి చూపించాను. ఎందుకంటే ఆ రాత్రి 95 అనేది వాడి మామూలు అంకె. మా అత్తమ్మ నిజంగానే అన్నది, “మిషిన్ల మంచిగనే ఉన్నది గదనే, తెల్లారి పోదురు తీ” అని. నేను మా ఆయనతో బండి తీయమన్నాను. జ్వరం 101 దాటింది, వీపు నొప్పి ఉంది, అది చాలు. సికిల్ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది. రక్తంలోకి చేరే బ్యాక్టీరియాను వడగట్టే పని దానిది. అది లేనప్పుడు వైరస్ జ్వరమా, దాని వెనకాల న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా జ్వరమా అని ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. 1986లో వచ్చిన పరిశోధనలో మూడేళ్ళ లోపు సికిల్ పిల్లలకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే ఆ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. మా వాడికి కూడా ఐదేళ్ళ దాకా ఆ మాత్రలు వేశాం. అయినా జ్వరం వస్తే ఇంజెక్షన్ పడేదాకా ఆగకూడదని మాకు ముందే గట్టిగా చెప్పి ఉన్నారు.

మొదట వెళ్ళిన ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. శుభ్రంగా ఉంది. వాడికి సికిల్ సెల్ అని చెప్పి కార్డు చూపించాను కాబట్టి ఇంటికి పంపకుండా ఉంచుకున్నారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ డ్యూటీ డాక్టర్‌కు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో మచ్చ కనబడడం ఈ జబ్బులో మామూలేనట. తర్వాతి రాత్రి, తెల్లవారుజామున, వాడు నిద్రలో ఉన్నాడు. దగ్గు లేదు, ఏడుపు లేదు. ఊపిరి మాత్రం కొంచెం వేగంగా అనిపించింది. మా క్లిప్పు పెట్టాను. గీత బాగానే ఎగురుతోంది, అంకె 91. వేలు మార్చి పెట్టాను, 91. నర్సమ్మను లేపాను. ఆమె విసుక్కోకుండా వచ్చి ఆస్పత్రి మిషన్ పెట్టింది, 90. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. పొద్దున్నే రెండో ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా మచ్చ. 108లో హైదరాబాద్ పంపించారు.

అంటే మొదటి రాత్రి థర్మామీటర్ కాపాడింది, రెండో రాత్రి క్లిప్పు కాపాడింది. మొదటి రాత్రి క్లిప్పు మాట విని ఉంటే ఆ తెల్లవారుజామున మేము ఊళ్ళో ఉండేవాళ్ళం, దగ్గరి ఆస్పత్రికి కూడా చాలా దూరంలో.

హైదరాబాద్‌లో ముక్కులోంచి స్వాబ్ తీసి చూస్తే ఫ్లూ అని వచ్చింది. ఫ్లూకి ఓసెల్టామివిర్ అనే మందు, ఆక్సిజన్, రెండు రకాల యాంటీబయాటిక్‌లు, నొప్పికి మందు, రక్తం ఎక్కించడం. మా ఆయన పిన్ని కొడుకు కల్వకుర్తి నుంచి వచ్చి రక్తం ఇచ్చాడు. సెలైన్ మాత్రం కొలిచి కొలిచి ఎక్కించారు. నీళ్ళు తక్కువైతే కణాలు వంగుతాయి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, రెండూ వద్దమ్మా అన్నారు. ఇంటి దగ్గర సికిల్ పిల్లలకు నీళ్ళు బాగా తాగించమంటారు కదా, ఛాతీలో ఇబ్బంది మొదలయ్యాక ఎంత అన్నది డాక్టర్లకే వదిలేయాలి.

అక్కడే ఇంకో వస్తువు మా ఇంటికి వచ్చింది. మూడు బంతుల డబ్బా, స్పైరోమీటర్ అంటారు. దీని గురించి రాయకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. 280 రూపాయలు. ప్లాస్టిక్ డబ్బాలో మూడు గదులు, ఒక్కో గదిలో ఒక బంతి, ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. 600, 900, 1200 అని అంకెలు ఉంటాయి. పీల్చాలి, ఊదకూడదు. మెడికల్ షాపుల్లో కూడా కొందరు ‘ఊదించండి’ అని చెప్పి అమ్ముతున్నారు, అది తప్పు. ఛాతీ, వీపు నొప్పి ఉన్నప్పుడు పిల్లలు నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీసుకుంటారు. లోపలి గాలి సంచులు ముడుచుకుపోతాయి, అక్కడ ఆక్సిజన్ అందదు, మళ్ళీ కణాలు వంగే కథ మొదలవుతుంది. లోతుగా పీల్చి కాసేపు బిగబడితే ఆ సంచులు తెరుచుకుంటాయి. 1995లో అచ్చయిన పరిశోధనలో, ఛాతీ ఎముకల్లో, వీపులో నొప్పితో ఆస్పత్రిలో చేరిన సికిల్ పిల్లలను, యువకులను మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పదిసార్లు ఇట్లా పీల్పించారు. పీల్చిన వాళ్ళలో 19 సార్లకు ఒక్కసారే ఊపిరితిత్తుల్లో సమస్య వచ్చింది, పీల్చని వాళ్ళలో 19 సార్లకు 8 సార్లు వచ్చింది. 280 రూపాయల ప్లాస్టిక్ డబ్బా చేసే పని ఇది. ఇంకా మన జిల్లాల్లో ప్రతి సికిల్ పిల్లవాడి చేతికీ ఇది ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. స్క్రీనింగ్ కార్డుతో పాటే ఇవ్వాలి.

మా వాడికి ఇది ఆటలా అలవాటైంది. ఇప్పుడు రెండో బంతి తేలిగ్గా లేపుతాడు. మూడోది ఇంకా లేవదు, లేపమని నేనూ బలవంతపెట్టను. ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళతో గొట్టం కడిగి ఆరబెట్టాలి. అక్కకు జలుబు ఉన్నప్పుడు ఆమె దాన్ని ముట్టకూడదు, ఆటకు కూడా.

మళ్ళీ క్లిప్పు దగ్గరికి. నచ్చనివి కొన్ని ఉన్నాయి. వాడకుండా పక్కన పెట్టినా బ్యాటరీలు దిగిపోతాయి. నేను విడిగా తీసి పెడుతున్నాను, పక్కనే ఇంకో జత ఉంచుతున్నాను. బ్యాటరీ మూత సన్నగా ఉంది, పిల్లల చేతిలో పడితే విరుగుతుంది. కాగితం అంతా ఇంగ్లీషు, చైనీస్. ఇంగ్లీషు చదవడం రాని తల్లి దీన్ని ఎట్లా సెట్ చేసుకుంటుందో తయారు చేసేవాళ్ళు ఆలోచించాలి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది బీప్ శబ్దం. కంపెనీ వాళ్ళు 94కు పెట్టి పంపారు. మామూలే 95 ఉండే పిల్లవాడికి వేలు కొంచెం కదిలినా మోగుతుంది. బటన్ ఎక్కువసేపు నొక్కితే సెట్టింగులు వస్తాయి, అక్కడ డాక్టర్ చెప్పిన అంకెకు మార్చుకున్నాను. పాత రీడింగులు దాచి పెట్టుకునే సౌకర్యం లేదు, నోటుబుక్కే గతి. వారంటీ ఏడాది, బిల్లు ఉంటేనే.

ఒక విషయం మిషన్ తప్పు కాదు గానీ చెప్పాలి. ఆస్పత్రి నుంచి వచ్చాక మా అత్తమ్మ గంటగంటకూ వాడి వేలికి క్లిప్పు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె భయం నాకు తెలుసు, మనవడిని మాస్కులో చూసిన మనిషి. కానీ పిల్లవాడు అన్నం తింటూ, ఆడుతూ “అమ్మా, ఎంతొచ్చింది? తగ్గిందా?” అని అడగడం మొదలుపెట్టాడు. వాడి ముఖంలో టెన్షన్ చూసి నేను తట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారానికి ఒక్కసారే చూస్తున్నాం. జలుబు, దగ్గు, జ్వరం, నొప్పి ఏదైనా ఉంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఇంకా నిద్రపోయాక ఒకసారి. నిద్రలో చూడడం మానకండి.

డబ్బుల మాట కూడా చెప్పాలి. మాలాంటి జీతాలకు ఇవన్నీ ఒకేసారి కొనడం కష్టమే. ఒక్కటే కొనగలిగితే ముందు మంచి డిజిటల్ థర్మామీటర్ కొనండి, తక్కువలోనే వస్తుంది. దాని తర్వాత క్లిప్పు కాదు, ఫ్లూ టీకా. ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి ప్రతి ఏడాదీ వేయించాలి. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఇది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, బయట వేయించుకోవాలి, మాకు ఒక డోసుకు దాదాపు ఈ క్లిప్పు ధర అయింది. వానాకాలం మొదలయ్యేలోపు వేయిస్తే మంచిది, ఎందుకంటే మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, చలికాలంలో ఇంకోసారి పెరుగుతుంది. ఇంట్లో మిగతావాళ్ళు కూడా వేయించుకుంటే పిల్లవాడికి ఇంకా రక్ష. న్యుమోకాకల్ టీకా అయితే ఇప్పుడు ప్రభుత్వమే పసిపిల్లలకు ఉచితంగా వేస్తోంది, 2021 నుంచి దేశమంతా ఉంది. సికిల్ పిల్లలకు రెండేళ్ళు నిండాక ఇంకో రకం న్యుమోకాకల్ టీకా కూడా అదనంగా వేయాలి, దాన్ని అడిగి వేయించుకోవాలి. మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులందరికీ ఇది చెప్తాను. సికిల్ సెల్‌కు రోజూ వేసే హైడ్రాక్సీయూరియా అనే మందు కూడా ఛాతీ సమస్యలను తగ్గిస్తుంది, పసిపిల్లల మీద చేసి 2011లో ప్రకటించిన పరిశోధనలో అది తేలింది. ఎప్పటికప్పుడు రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఆ మందు ఆపి క్లిప్పు మీద ఆధారపడడం అన్నది మాత్రం ఎవరూ చేయొద్దు.

స్పైరోమీటర్ ఈ క్లిప్పు కంటే ముందే కొనాలంటాను, చవక కాబట్టి. ఐదారేళ్ళు దాటి, చెప్పినట్టు పీల్చగలిగే పిల్లలకు. ఆ తర్వాత చేతిలో డబ్బులుంటే ఈ క్లిప్పు. తండాల్లో, నల్లమల అంచు ఊళ్ళల్లో, ఆస్పత్రికి గంటల ప్రయాణం ఉన్న వాళ్ళయితే అప్పో సప్పో చేసైనా దీన్ని ఇంట్లో ఉంచుకోమంటాను. మన్ననూరు, అమ్రాబాద్ వైపు ఆశ్రమ పాఠశాలల్లో, మన దేవరకొండ చుట్టుపక్కల హాస్టళ్ళల్లో ఒక్కో సైజుది ఒక్కోటి ఉండాలి. ఒకే గదిలో అంతమంది పిల్లలు పడుకునే చోట ఒకరి జలుబు తెల్లారేసరికి అందరికీ అంటుతుంది. వాళ్ళలో సికిల్ పిల్లవాడు ఎవరో వార్డెన్‌కు పేరుతో సహా తెలిసి ఉండాలి.

మా వాడిని ఐదో తరగతిలో గురుకులంలో వేయాలని ఉంది. అప్పుడు ఈ క్లిప్పు వాడితోనే పంపిస్తాను. దాని డబ్బాలో ఒక కాగితం ఇప్పటికే పెట్టి ఉంచాను. అందులో పెద్ద అక్షరాలతో తెలుగులో ఇవి రాశాను: జబ్బు పేరు, బ్లడ్ గ్రూపు, రోజూ వేసే మందు, మామూలు ఆక్సిజన్ 95 నుంచి 96, జ్వరం 101 దాటినా, ఛాతీలో గానీ వీపులో గానీ నొప్పి అన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, కడుపు ఉబ్బి ముఖం పాలిపోయినా క్లిప్పు ఏం చూపించినా సరే వెంటనే 108, ఆ తర్వాత మా ఇద్దరి ఫోన్ నంబర్లు.